పటం మళ్లీ గీయగలగాలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుంచి వచ్చిన పరిశోధకులకు, అటవీ ఉద్యోగులకు, చెరువు కింద సేద్యం చేసే రైతులకు, గొర్రెల కాపరులకు స్వాగతం.

మన ముందున్న విషయం సర్కారు తుమ్మ. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను మన పక్క కడప జిల్లాలో, కమలాపురంలో వేశారు. వంటచెరకు కొరత తీరింది. బొగ్గు కాల్చేవాళ్లకు ఇప్పటికీ అదే బతుకుతెరువు. కానీ చెరువు గర్భాల్లో, వంకల్లో, బీళ్లలో మనిషిని దూరనీయకుండా అల్లుకుపోయింది.

ఈ కంప ఇంకా ఎక్కడెక్కడ పాకగలదు? చెట్టు కనిపించిన చోట్లకు వాన, ఎండ, నేల వివరాలు జోడించి మాక్సెంట్ వంటి సాఫ్ట్‌వేర్‌కిస్తే, ఆ చెట్టుకు ఏ చోటు ఎంత అనుకూలమో చూపే రంగుల పటం వస్తుంది. మాక్సెంట్ ఉచితం, 2016 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. పనిముట్లకు కొదవ లేదు. ఎలా గీశామో చెప్పడంలోనే కొదవ.

44వ నంబరు జాతీయ రహదారి పక్కనా, ధర్మవరం నుంచి హిందూపురం దాకా రైలు పట్టాల వెంబడీ చూసిన చెట్లనే ఎక్కిస్తే, నమూనా నేర్చుకునేది మనం తిరిగిన దారినే. వరల్డ్‌క్లిమ్ వాతావరణ సమాచారంలో అతి సన్నని గడి కూడా సుమారు ఒక కిలోమీటరు. కొండవాలూ కింది చెరువూ ఒకే గడిలో పడితే రెంటికీ ఒకే రంగు. గొర్రెలు కాయలు మేస్తాయి, గింజలు పెంటికల్లో దిగి మంద కట్టిన చోటల్లా మొలుస్తాయి. వాన లెక్కల్లో ఆ సంగతి ఉండదు. ఇక అనుకూలత 0.3 దాటితే ఎరుపు వేయాలా, 0.6 దాటితేనా? ఆ ఒక్క నిర్ణయంతో కొన్ని ఊళ్లు పటంలోకొస్తాయి, కొన్ని పోతాయి.

అందుకే చెట్టు కనిపించిన చోట్ల గుర్తుల జాబితా, తేదీలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, గడి కొలత, ఎరుపుకు గీత ఎక్కడ గీశాం, ఎందుకు గీశాం అన్నవన్నీ పటం వెంటే ఉండాలి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ తయారుచేసిన సామ్ అనే సాధనం ఇలాగే ప్రతి అడుగునూ నమోదు చేస్తుంది. వచ్చే ఏడు కొత్త గుర్తులు చేర్చినప్పుడు ఎరుపు మారితే, ఆ మార్పు నేల మీద వచ్చిందా, మన లెక్కలో వచ్చిందా అన్నది అప్పుడే తేలుతుంది. పైపైన నరికితే మోడు మళ్లీ చిగురిస్తుంది. వేరు పెకలించడానికి ఖర్చు పెట్టే పంచాయతీకి నేల మీది మార్పుకూ లెక్కలోని మార్పుకూ ఉన్న తేడా తెలియాలి.

సభకు నా ప్రతిపాదన ఇది. ఇక్కడ చదివే ప్రతి పత్రంతో పాటు దత్తాంశమూ కోడూ ఇవ్వండి. హిందూపురం వాళ్ల పటాన్ని ధర్మవరం వాళ్లు గీసి చూడాలి. తేడా వస్తే పత్రంలోనే అచ్చు వేయాలి. రైతు, కాపరి తప్పని చూపిన చోటును వెళ్లి పరిశీలించి దత్తాంశంలో చేర్చాలి. ఆ తర్వాతే పటం అటవీ రేంజి ఆఫీసుకు చేరాలి. ఇక మొదటి పత్రం వారిని వేదిక మీదికి రమ్మని కోరుతున్నాను.