పాత ఫ్రెంచి కారు – ఇంటిపట్టున సంరక్షణ



ఫ్రాన్సు వారి ప్యూజో 309 కారును 1994 నుంచి కొన్నేళ్లపాటు బొంబాయి దగ్గరి కళ్యాణ్‌లో తయారుచేశారు. 1990ల చివరికల్లా ఆ తయారీ ఆగిపోయింది. కార్లు మిగిలాయి, చేసిన సంస్థ మిగల్లేదు. కాబట్టి ఆ బండి ఉన్నవారు కొంత పని తామే నేర్చుకోవాలి.

మొదట చూడవలసింది టైమింగ్ బెల్టు. పిస్టన్ల కదలికకు సరిగ్గా వాల్వులు తెరుచుకొనేలా చూసేది ఇదే. నడుస్తుండగా తెగితే రెండూ ఢీకొని ఇంజను పాడవుతుంది. "బండి ఎక్కువ తిరగలేదు కదా" అనుకోకండి. షెడ్డులో నిలబెట్టినా రబ్బరుకు వయసు వస్తుంది. ఎప్పుడు మార్చారో తెలియకపోతే వెంటనే మార్పించండి. ఇది మాత్రం అనుభవమున్న మెకానిక్కు పని. ఒక్క పన్ను తప్పినా లెక్క తప్పుతుంది.

రెండోది రేడియేటరు. చెన్నై ఎండకు ఉత్త నీళ్లు చాలవు, లోపల తుప్పు పడుతుంది. కూలెంటు కలపండి. వేడిమీద మూత తీస్తే ఆవిరి ముఖాన చిమ్ముతుంది.

మూడోది సముద్రపు ఉప్పుగాలి. తలుపుల అడుగున నీళ్లు కారే రంధ్రాలు పూడుకోకుండా చూడండి.

బండి కిందికి దూరేముందు స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మితే ప్రాణానికే ముప్పు.

విడిభాగాలకు చెన్నైలో పుదుప్పేట ఉంది. చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చేవారు పాత భాగాన్ని వెంట తెచ్చుకొని, పక్కపక్కన పెట్టి పోల్చి కొనండి. అద్దం, తలుపుపిడి పాతవైనా ఫరవాలేదు. బ్రేకు సామాను, బెల్టు మాత్రం కొత్తవే కొనాలి. అక్కడ మిగిల్చే నాలుగు రూపాయలు ఇంటిల్లిపాది క్షేమం కంటే ఎక్కువ కావు.