కనబడియు కనబడని పరికరము

ఆర్మూరు పసుపునకు పేరుగన్న యూరు. మాది పసుపు వర్తకము. రైతుల తూకములును, వారికీయవలసిన పైకమును మా యింటి కంప్యూటరునకు తగిలించిన హార్డుడిస్కులో నుండెను. అది యొకనాడు కనబడును. మఱునాడు ‘గుర్తింపబడని పరికరము’ అని తెరపై వచ్చును.

బొత్తిగా పనిచేయని దానికంటె అప్పుడప్పుడు పనిచేయునది మోసకారి; బాగుపడినదని నమ్మించును. కావున అది కనబడిన తక్షణమే లెక్కలన్నిటిని వేఱొకచోటికి నకలు తీసితిమి. మరమ్మతు తరువాతి మాట.

యు.ఎస్.బి. 2.0 తీగలో నాలుగు తంతులుండును. రెండు విద్యుత్తునకు, రెండు సమాచారమునకు. తగిలింపగానే కంప్యూటరు ‘నీవెవరవు?’ అని యడుగును. సరియైన బదులు రానిచో గుర్తింపదు. దీపము వెలిగినంతమాత్రమున సమాచారపు తంతులు బాగున్నవని తలపరాదు.

పిమ్మట, ఒక్కమారు ఒక్కదానినే మార్చి చూచితిమి. మొదట పోర్టు మార్చితిమి, ఫలము లేదు. అట్టి పోర్టు పరికరమున కిచ్చుటకు ఏర్పడిన విద్యుత్తు 500 మిల్లీ ఆంపియర్లు, దానిని పలువురికి పంచు హబ్బును తొలగించితిమి, ఫలము లేదు. తుదకు తీగ మార్చితిమి. వారము దినములు దోషము కనబడలేదు. అయినను నమ్మక, పాత తీగను మరల తగిలించితిమి. దోషము తిరిగి వచ్చెను! కారణము అప్పుడు నిశ్చయమయ్యెను. అన్నియు నొక్కసారి మార్చియుండినచో ఏది చెడెనో తెలిసెడిది కాదు.

పసుపు కొమ్మును విఱిచి లోని రంగు చూడనిదే బేరమాడని వారము. తీగను మాత్రము పైచూపుననే నమ్మితిమి.