నిరోధము లేని తీగ



బోరుబావి మోటారు నడచుచుండగా తీగ వేడెక్కుట దర్శి ప్రాంతపు మిరప రైతు లెరిగినదే. మోటారునకు చేరవలసిన విద్యుత్తులో కొంత దారిలోనే వేడిమిగా మారి వ్యర్థమగుచున్నది. రాగి, అల్యూమినియము మంచి వాహకములే. అయినను విద్యుత్ప్రవాహమునకు కొంత అడ్డు కల్పించును. ఈ అడ్డునకే నిరోధమని పేరు.

1911వ సంవత్సరమున హాలెండులోని లైడెన్ నగరమందు కామర్లింగ్ ఓన్స్ అను శాస్త్రవేత్త పాదరసమును సున్నకు దిగువ 269 సెంటీగ్రేడు డిగ్రీలకు చల్లబరచగా, దాని నిరోధము కొలతకు అందక మాయమయ్యెను. ఈ గుణమే అతివాహకత. నేడు వైద్యశాలలలోని ఎం.ఆర్.ఐ. యంత్రములకు అయస్కాంతబలము నిచ్చునది ఇదియే. అయితే ఆ చలువకు కావలసిన ద్రవ హీలియము అరుదైనది, మిక్కిలి ప్రియమైనది.

1986లో స్విట్జర్లాండున బెడ్నార్జ్, ముల్లర్ అను ఇరువురు, రాగియు ప్రాణవాయువును కలిసిన ఒక పింగాణివంటి పదార్థమున, సున్నకు దిగువ 238 డిగ్రీల చెంతనే ఈ గుణమును కనుగొనిరి. మరుసటి యేట వారికి నోబెల్ బహుమానము లభించెను. 1987లోనే అమెరికాలో వూ, చూ అనువారి బృందములు ఇట్రియము చేర్చిన పదార్థముతో ఆ హద్దును సున్నకు దిగువ 180 డిగ్రీలకు తెచ్చినవి. ఇక హీలియముతో పనిలేదు. 196 డిగ్రీల దిగువనుండు ద్రవ నత్రజని చాలును. ఒంగోలు గిత్తల వీర్యమును నిలువచేయుటకు పశువైద్యులు వాడునది ఈ నత్రజనినే. ‘అధిక ఉష్ణోగ్రత’ అను మాటకు ఇచ్చట అర్థ మింతియే. దర్శి ఎండలకును దానికిని పొంతన లేదు.

చిక్కులును కలవు. ఈ పదార్థము కుండపెంకువలె పెళుసు. రాగివలె తీగగా సాగదు. చలువయంత్రము నడచుటకును విద్యుత్తే కావలెను. అందుచే 2014లో జర్మనీలోని ఎస్సెన్ నగరమున నెలకొల్పిన ఒక కిలోమీటరు అతివాహక కేబులు వంటివి ఇరుకైన పట్టణములకే తగియున్నవి. నిరోధము ఏల మాయమగునో అందరు నంగీకరించిన సిద్ధాంతము ఈ పదార్థముల విషయమున నేటికిని లేదు.

2023లో దక్షిణ కొరియా పరిశోధకులు కొందరు, చలువ యక్కరలేని అతివాహకము దొరకినదని ప్రకటింపగా లోకము ఉప్పొంగెను. కొలది వారములలోనే ఇతర ప్రయోగశాలలు పరీక్షించి, అది అతివాహకము కాదని తేల్చినవి. వార్తను నమ్ముటకు ముందు పరీక్షింపవలెననుటకు ఇది తార్కాణము.

అట్టి తీగ పొలమునకు వచ్చువరకు రైతు చేతిలోనున్న ఉపాయములు మూడు: తగిన మందముగల తీగ, బిగువైన అతుకులు, మోటారునకు సరియైన కెపాసిటరు. నిరోధమును రూపుమాపుట శాస్త్రవేత్తల వంతు; దానివలని నష్టమును తగ్గించుట ప్రతి రైతునకును నేడే సాధ్యము.