ముదిరిన సరుగుడు చెట్లు ఎందుకు ఎండుచున్నవి?



మామిడి తోటకు గాలి అడ్డుగా మీ పెద్దలు నాటిన సరుగుడు వరుసలో ఒక చెట్టు పసుపువన్నె తిరిగి ఎండినది. మరుసటి యేడు దాని ప్రక్కది ఎండినది. ఏ మందు కొట్టవలెనని మీరు వెంటనే అడుగుదురు. అంతకుముందు తెలిసికొనవలసినది మరొకటి కలదు: చెట్టుకు చేటు ఎక్కడ మొదలైనది?

సరుగుడు చూపునకు హిమాలయములందలి దేవదారు, పైను చెట్లవలె నుండును గాని వాటి జాతిది కాదు. సూదులవలె కనబడునవి ఆకులు కావు, సన్నని రెమ్మలు. అసలు ఆకులు ఆ రెమ్మల కణుపులవద్ద చిన్న పొలుసులుగా నుండును. కావున ఆకుమచ్చలకై వెదకుట వృథా. తల పలుచబడువేళకే మొదట్లో నష్టము చాలవరకు జరిగియుండును.

మొదట దూరముగా నిలిచి వరుస నంతటిని చూడుడు. పల్లపువైపు చెట్లన్నియు ఒక్కమారుగా నీరసించినచో తెగులు కన్న ముందు నీటిని అనుమానింపవలెను. సరుగుడు ఉప్పుగాలిని ఓర్చును గాని, చాలకాలము నిలిచిన నీటిని ఓర్వదు. ప్రక్కపొలములో క్రొత్తగా రొయ్యల చెరువు త్రవ్వినారా? మురుగుకాలువ పూడినదా? తుపాను వచ్చి ఎంతకాలమైనది? 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ వంటి గాలికి చెట్టు పడకపోయినను, వేళ్లు తెగవచ్చును. ఆ దెబ్బ పైకి తెలియుటకు నెలలు పట్టును.

ఇక్కడొకటి అక్కడొకటి ఎండుచున్నచో దగ్గరకు పోయి బెరడు తడిమి చూడుడు. బెరడు బొబ్బలెక్కి పగిలి, క్రింద మసివంటి నల్లని పొడి వ్రేళ్లకు అంటినచో అది బొబ్బ బెరడు తెగులు. ఇది శిలీంధ్రము వలన వచ్చును. కత్తిగాట్లు, గేదెల పలుపు రాపిడి దీనికి దారి యిచ్చును. వంటచెరకు కొరకు పచ్చికొమ్మలు నరకు అలవాటు మానుట మేలు. బెరడుపై పట్టుదారములతో అల్లిన పిప్పి కనబడినచో అది బెరడు తినుపురుగు పని. పిప్పి తుడిచి, కొమ్మ పంగలలో రంధ్రము వెదకి, ఇనుపతీగెతో పురుగును పొడిచి చంపవలెను.

ఎండిన చెట్లు గుంపుగా నుండి, ఆ గుంపు ఏటేట పెరుగుచున్నచో మొదలు త్రవ్వక తప్పదు. వానల తరువాత మొదట్లో గట్టి గోధుమవన్నె పుట్టగొడుగులు అరలవలె పుట్టినచో అది గానోడెర్మా వేరుకుళ్లు. కొబ్బరికి పట్టునదియు ఈ జాతిదే. చచ్చిన చెట్టును మోడుతో, వేళ్లతో సహా పెకలించి కాల్చవలెను. కొబ్బరి తోటలలో చేయునట్లు రెండడుగుల లోతు, ఒక అడుగు వెడల్పున కందకము త్రవ్వి మంచి చెట్లను వేరుచేయవలెను. ముదిరిన కుళ్లును మాన్పు మందు లేదు.

కొమ్మలు హఠాత్తుగా వాడినచో పచ్చి కొయ్యముక్కను గాజుగ్లాసు నీటిలో వ్రేలాడదీయుడు. పాలవంటి తీగలు జారినచో అది వంగ, టమాటాలను వాడజేయు బాక్టీరియా యని అనుమానింపవచ్చును. అట్టిచోట మరల సరుగుడు నాటరాదు.

వ్యవసాయాధికారికి నమూనా చూపునపుడు పూర్తిగా ఎండిన కొమ్మ తీసికొనిపోకుడు. అందులో తరువాత చేరిన బూజులే కనబడును. సగము వాడిన చెట్టు మొదటినుండి, పచ్చిబెరడు చచ్చినబెరడుతో కలియుచోట కోసిన ముక్కను, కొన్ని వేళ్లను, పిడికెడు మట్టిని కాగితములో చుట్టి అదేదినము అందజేయుడు.