కోళ్ల మేతలో మన వంటింటి దినుసులు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ సభ్యులలో కోళ్ల షెడ్డు మీద ఆధారపడి బ్రతికే కుటుంబాలు ఉన్నాయి. చికెన్ దుకాణం నడిపేవారు ఇంకా ఎక్కువ. ఇక తినేవాళ్లమైతే అందరమూ. అందుకే కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "యాంటీబయాటిక్ మందు లేకుండా పసుపు, వెల్లుల్లి పెట్టి బ్రాయిలర్లు పెంచవచ్చునంటున్నారే, అందులో నిజమెంత? మీ అనుభవం చెప్పండి" అన్నారు. మేము పెద్ద చదువులు చదివినవాళ్లం కాము. అన్నదమ్ములిద్దరం కలిసి చిన్న షెడ్డు నడుపుతున్నాం. కొంత చదివి తెలుసుకున్నాం, కొంత నష్టపోయి నేర్చుకున్నాం. ఆ రెండూ దాచకుండా మనవి చేస్తాం.

ముందుగా ఈ మందు మేతలోకి ఎట్లా వచ్చిందో చెప్పాలి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజులలో, అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ కనుగొన్నాడు. అది 1948లో వెల్లడైంది. సుబ్బారావుగారు ఆ యేడే కన్నుమూశారు. అదే సంస్థలోని జూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు, మందు తీయగా మిగిలిన మడ్డిని కోడిపిల్లలకు పెట్టి చూస్తే అవి మామూలు కంటే త్వరగా బరువు పెరిగాయి. 1950 నాటికి ఆ సంగతి లోకమంతా పాకింది. రోగం నయం చేయటానికి పుట్టిన మందు అట్లా రోగం లేని కోడికి రోజూ పెట్టే మేత అయింది.

దీనివల్ల వచ్చిన ముప్పు ఏమిటి? కొద్ది మోతాదులో రోజూ మందు తగిలితే కొన్ని సూక్ష్మక్రిములు చావవు సరికదా, దానికి అలవాటుపడి మొండికేస్తాయి. ఆ మొండి క్రిములు రెట్ట ద్వారా, మాంసం ద్వారా, చేతుల ద్వారా మనుషుల్లోకి వస్తాయి. రేపు మన పిల్లవాడికి జబ్బు చేస్తే అదే మందు పనిచేయకపోవచ్చు. స్వీడన్ దేశం 1986లోనే పెరుగుదల కోసం యాంటీబయాటిక్ పెట్టడం మాన్పించింది. యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2006 జనవరి నుంచి ఆపేశాయి. మన దేశంలో 2019 జూలైలో కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఆసుపత్రులలో మరే మందూ పనిచేయనప్పుడు చివరి ఆశగా ఎక్కించే మందు అది. దానిని మనం దాణాలో కలిపి పోస్తూ వచ్చాం!

మరి దాని బదులు ఏమి పెట్టాలి? మన వంటింట్లో ఉన్నవే కొన్ని చెప్తాం. ఇక్కడ చెప్పే మోతాదులు పరిశోధనల్లో సాధారణంగా వాడినవి.

పసుపు: ఇందులోని కుర్‌క్యుమిన్ పేగులోని వాపును తగ్గిస్తుంది. పిత్తరసం బాగా ఊరేట్లు చేస్తుంది. కిలో మేతకు 3 నుంచి 5 గ్రాములు చాలు. నిజామాబాదు, దుగ్గిరాల పసుపు మన చేతికి అందేదే. అయితే పొడి కొనకండి, కొమ్ములు కొని దంచుకోండి. నిగనిగలాడటానికి రంగు, ఒక్కోచోట సీసం కలిసిన విషపు రంగు కూడా కలుపుతారు.

వెల్లుల్లి: నలిపినప్పుడే దాని ఘాటు, గుణం పుడతాయి. ఎండబెట్టిన పొడి కిలోకు 5 గ్రాములు. మోతాదు మించితే మేత తినవు, మాంసానికీ వాసన పట్టవచ్చు.

కలోంజీ: మన ఇళ్లలో అచారులోకీ, రొట్టెల మీదకీ వాడే నల్ల గింజలే. కిలోకు 5 నుంచి 10 గ్రాములు. గుణం మంచిదే గాని ఖరీదైనది. లెక్క చూసుకొని వాడాలి.

ఉసిరి: ఎండాకాలంలో పనికొస్తుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పటమే దానికి దారి. ఆ వేడిలో సి విటమిను ఆసరా ఇస్తుంది. అయితే ఉసిరి పెట్టినంత మాత్రాన నీడ, గాలి, చల్లని నీళ్లు అక్కర్లేదనుకోకండి.

మేలుచేసే క్రిములు: 1973లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు నుర్మి, రంతాల ఒక విషయం రుజువు చేశారు. పెద్ద కోడి పేగులోని మంచి క్రిములను అప్పుడే పుట్టిన పిల్లలకు అందిస్తే, సాల్మొనెల్లా క్రిమి వాటి కడుపులో చోటు చేసుకోలేకపోయింది. ఇప్పుడు అమ్మే ప్రోబయోటిక్ పొడుల వెనుక ఉన్న ఆలోచన అదే. ఇంటి మజ్జిగ కొంత మంచిదేగాని పరీక్షించిన పొడితో సమానం కాదు. బ్లీచింగు కలిపిన నీళ్లలో ఏది పోసినా ఆ మంచి క్రిములు చస్తాయి. ఆ పూట మందులేని నీళ్లే పెట్టాలి. తర్వాత నీళ్ల తొట్లు శుభ్రంగా కడగాలి.

కలిపే పద్ధతి కూడా ముఖ్యం. 50 కిలోల మూటకు 150 గ్రాముల పసుపు అనుకుందాం. దాన్ని మూటలో గుమ్మరిస్తే ఒక కోడికి అంతా, ఇంకో కోడికి ఏమీ ఉండదు. ముందు 2 కిలోల మేతలో బాగా కలిపి, దాన్ని 10 కిలోల్లో, తర్వాత మొత్తంలో కలపాలి.

ఇప్పుడు మా తప్పు చెప్తాం. మొదట్లో ఈ దినుసులు పెట్టిన రెండు బ్యాచ్‌లు బాగా వచ్చాయి. మాకు గర్వం పట్టింది. మూడో బ్యాచ్‌కి "పసుపు, వెల్లుల్లి తింటున్నాయిగదా, ఏ రోగం వస్తుంది?" అని కొక్కెర తెగులు టీకా అశ్రద్ధ చేశాం. ఊక కూడా తిరగెయ్యలేదు. ఎవరో చెప్పారని వేపాకు పొడి ఎక్కువగా కలిపాం. చేదుకి మేత తగ్గించేశాయి. నాలుగో వారంలో మెడలు వంకర్లు తిరగటం మొదలైంది. రోజూ పొద్దున్నే గోనె సంచి పట్టుకొని చచ్చిన వాటిని ఏరుకోవటమే పని. గుంత తవ్వి సున్నం చల్లి పూడ్చిపెట్టాం. మా తమ్ముడి పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకు అనుకున్న డబ్బు ఆ గుంతలోకే పోయింది. అబ్బాజాన్ ఏమీ తిట్టలేదు. "పసుపు పెట్టిన కూరైనా కుండ కడగకపోతే చెడిపోద్దిరా" అన్నారు, అంతే.

ఆ మాటే ఈ శాస్త్రమంతటి సారమని తర్వాత చదివితే తెలిసింది. మేతలో యాంటీబయాటిక్ పెట్టినందువల్ల లాభం ఎక్కువగా కనబడేది మురికి షెడ్లలోనే. శుభ్రమైన షెడ్డులో ఆ లాభం చాలా స్వల్పం. అంటే ఇన్నాళ్లూ మనం చేయని శుభ్రతకు బదులుగా ఆ మందు కొంటున్నామన్నమాట. పసుపు, వెల్లుల్లి ఆ మందంత బలమైనవి కావు. ఒక షెడ్డులో ఫలితం వస్తుంది, ఇంకో షెడ్డులో రాదు. కావున వాటికంటే ముందు చేయవలసినవి ఉన్నాయి. పొడి ఊక, గాలి, ఇరుకు లేని చోటు, శుభ్రమైన నీళ్లు, వేళకు టీకాలు, బూజు లేని మొక్కజొన్న. బూజు విషం పట్టిన గింజను ఏ దినుసూ బాగు చేయలేదు.

ఆ తర్వాత మా షెడ్డును కడిగి, సున్నం వేసి, కొత్త ఊక పరిచి, కోళ్లను రెండు వాటాలు చేశాం. ఒకవైపు పాత మందు మేత, రెండోవైపు మందులేని పసుపు మేత. టీకాలు రెండింటికీ ఒకటే. ప్రతి వారం తూకం వేశాం. అమ్మే నాటికి రెండు వైపులా బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ రోజు నుంచి రోజువారీ మందు మానేశాం.

మా మాట నమ్మి రేపే మొత్తం మార్చకండి. మీ షెడ్డులో 50 కోళ్లను విడిగా పెట్టి చూడండి. తిన్న మేతను వచ్చిన బరువుతో భాగించండి. 160 కిలోల మేతకు 100 కిలోల బరువు వస్తే 1.6. ఆ అంకె ఎంత తగ్గితే అంత లాభం. మేత ఖర్చులో పసుపు ఖర్చు కలపటం మరవకండి. మేత కంపెనీవారు ఇచ్చేదైతే వారిని అడగకుండా ఏదీ కలపవద్దు. ఆ మేతలో ముందే ఏముందో అడిగి తెలుసుకోండి.

ఇంకొక్క మాట. రోగం వచ్చిన కోళ్లకు పశువుల డాక్టరు మందు రాస్తే పూర్తిగా వాడవలసిందే. దానికి మేము వ్యతిరేకం కాదు. కాని మందు ఆపిన తర్వాత ఎన్ని రోజులు అమ్మరాదో చీటీ మీద ఉంటుంది. ఆ గడువులోపల ధర ఎంత పలికినా కోడిని అమ్మవద్దు. దుకాణం నడిపే సోదరులు కూడా కోళ్లు దించుకునేటప్పుడు ఆ ప్రశ్న అడగాలి. మన దగ్గర కొన్నవారు మనల్ని నమ్మి పిల్లలకు వండి పెడుతున్నారు.

వచ్చే యేడు సమావేశం నాటికి మనలో పదిమందైనా ఈ తూకాలు వేసి ఒక నోటుబుక్కులో రాసుకొని రావాలని కోరుతున్నాం. మా లెక్కలు చూడదలచినవారు ఎప్పుడైనా మా షెడ్డుకి రావచ్చు, చాయ్ తాగి వెళ్లవచ్చు. చెప్పులు మాత్రం గుమ్మం బయట సున్నపు పళ్లెంలో ముంచి రావాలి.