విశ్రాంత జీవితంలో తైలవర్ణ చిత్రలేఖనం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక కాలక్షేపం గురించి మాట్లాడమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నాది కాలక్షేపం కాదు, పనే. రెండేళ్ళుగా నూనె రంగులతో రూపచిత్రం వేయడం నేర్చుకుంటున్నాను. కీర్తిశేషురాలైన నా శ్రీమతి చిత్రం వేయాలని సంకల్పం. ఆమె వయసులో ఉన్ననాటి ఫోటో ఒక్కటే మిగిలింది. అదీ బ్లాక్ అండ్ వైట్.

ఈ విద్య మనవాళ్ళకు తేలిగ్గా దక్కలేదు. 1868లో తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చిన థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు రాజా రవివర్మకు పాఠమేమీ చెప్పలేదు. తాను వేస్తుంటే చూడనిచ్చాడంతే. చూసే పట్టేశాడా మహానుభావుడు! నాకంత శక్తి లేదు గనుక, మా మనవడి వయసున్న మాస్టారి దగ్గర చేరాను. 'సార్, సార్' అంటూనే పదిసార్లు చెరిపిస్తారు.

మొదటి పాఠం కొలతలు. కళ్ళు తల ఎత్తులో సరిగ్గా సగం దగ్గర ఉంటాయి. నమ్మనివారు ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకోవచ్చు. జుట్టున్నా లేకున్నా లెక్క అదే.

పాత ఐరోపా పద్ధతిలో ముందుగా అంబరు అనే గోధుమ మట్టిరంగు ఒక్కదానితోనే వెలుగు నీడలు దిద్దుతారు. అది ఆరాక పైన పల్చగా రంగుల పొరలు. కింది పొరలో టర్పెంటైను ఎక్కువ, పైకి పోయేకొద్దీ అవిసెనూనె ఎక్కువ ఉండాలి. తారుమారైతే పైపొర ముందు ఆరిపోయి బీటలు వారుతుంది. ఈ నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. మన ఆఫీసు ఫైళ్ళలాగే, తొందరపెడితే కదలదు.

వెలుగు నీడల దాకా ఆ ఫోటో చాలింది. అందులో ఉన్నవి అవే కదా! ఇక ఒంటి ఛాయ. చామనఛాయ అంటాం, ఎంత చామన? పసుపు రాసుకున్న చెంప దీపం వెలుగులో ఎలా ఉండేది? చెప్పవలసింది నా జ్ఞాపకం ఒక్కటే. ఇంతలో రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. శుక్లం ముదిరితే లోకమంతా మసకగా, పసుపుగా తోస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనేకు 1923లో శుక్లాల ఆపరేషన్ అయ్యాక రంగులు వేరుగా కనబడ్డాయట. నాకు డాక్టరుగారు వచ్చే నెలకు తేదీ ఇచ్చారు. అందాకా ముఖం జోలికి పోకుండా చీర దిద్దుతున్నాను. దానికి బెంగలేదు, ఫోటోలోని చీర ఇప్పటికీ పెట్టెలో ఉంది. మా అమ్మాయి పక్కన కూర్చుని దాని రంగు సరిచూస్తోంది.

చూడదలచినవారు ఏ ఆదివారమైనా రావచ్చు. టర్పెంటైను వాసనకు ఓర్చుకుంటే కాఫీ ఇస్తాం. సెలవు.