ఇంటి దస్తావేజు – ఎవరిచేత వ్రాయించుకొనవలెను?

"ఇల్లు కట్టిచూడు, పెండ్లి చేసిచూడు" అన్నారు పెద్దలు. ఇల్లు కొనిచూడు అని మాత్రము వారనలేదు. ఆ కాలమున ఇల్లనగా తాత కట్టినది, మనుమనికి దక్కునది. అది చేతులు మారుట అరుదు. నేడట్లు కాదు. 2016 అక్టోబరు 11వ తేదీన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. ఆ మూడు పట్టణములకు జిల్లా కార్యాలయములు వచ్చినవి. వానితో ఉద్యోగులు వచ్చిరి. ఇండ్లకును, ఇంటి స్థలములకును గిరాకి కలిగినది.

ఒక బడిపంతులో, చిల్లర వర్తకుడో, బొగ్గుగని కార్మికుడో ఇరువది ఏండ్లు కూడబెట్టిన ధనము ఒక్క పూటలో, ఒక్క కాగితముపై చేతులు మారును. పెండ్లికి పురోహితుని, వంటవానిని పదిమందిని అడిగి కుదుర్చుకొను మనము, ఈ కాగితము వ్రాయు మనిషిని ఎట్లు కుదుర్చుకొనుచున్నాము? చాల సందర్భములలో మనము కుదుర్చుకొనుటయే లేదు. బేరము కుదిర్చిన మధ్యవర్తి ఎవరిని చూపిన వారియొద్ద కూర్చుండుచున్నాము. ఈ విషయమునే నేడు శ్రోతలతో ముచ్చటింపదలచినాము.

ఇంగ్లండులో ప్రతిఫలము పుచ్చుకొని ఇండ్ల బదలాయింపు పత్రములు వ్రాయు అధికారము 1804 మొదలుకొని న్యాయవాద వృత్తివారికే పరిమితమై యుండెను. 1985లో చేసిన ఒక శాసనము వలన లైసెన్సు పొందిన 'కన్వెయన్సరు' అను వేరొక వృత్తి ఏర్పడినది. అచట సాధారణముగా కొనువానికి ఒకరు, అమ్మువానికి మరియొకరు పనిచేయుదురు. మనకు అట్టి ప్రత్యేక వృత్తి లేదు. ఆ పని మనయొద్ద ముగ్గురి చేతులలో పంచబడి యున్నది: వకీలు, దస్తావేజు లేఖరి, సబ్-రిజిస్ట్రారు. వీరిలో ఎవరి పని ఎంతవరకో తెలియకపోవుటయే మన చిక్కులలో పెక్కింటికి మూలము.

మొదట సబ్-రిజిస్ట్రారు సంగతి చూతము. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము నూరు రూపాయలు గాని, అంతకు మించి గాని విలువగల స్థిరాస్తి విక్రయ దస్తావేజు తప్పక రిజిస్టరు కావలెను. వ్రాసి సంతకము చేసిన నాటినుండి నాలుగు నెలలలోగా దానిని దాఖలు చేయవలెను. అయితే రిజిస్టరగునది దస్తావేజు మాత్రమే, హక్కు కాదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైన టోరెన్సు పద్ధతిలో ప్రభుత్వపు పుస్తకమున ఎవరి పేరున్నదో వారి హక్కునకు ప్రభుత్వమే పూచీ. మన చట్టములో అట్టి పూచీ లేదు. అమ్మువానికి నిజముగా హక్కు కలదా లేదా అని తీర్పు చెప్పు అధికారము సబ్-రిజిస్ట్రారునకు లేదని, తమిళనాడు నియమమొకదానిని కొట్టివేయుచు 2025 ఏప్రిలులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. నిషేధిత ఆస్తుల జాబితాలో నున్న వానిని ఆ కార్యాలయము తిరస్కరించును, నిజమే. కాని "రిజిస్ట్రేషను ఐనది గదా, ఇక భయమేమి?" అను ధీమా మాత్రము నిలువదు.

ఇక దస్తావేజు లేఖరి. ఆయన ఉపయోగకరమైన మనిషి. ఏ పత్రమునకు ఎంత స్టాంపు, మార్కెటు విలువ ఎంత, ఏ వివరము ఏ గడిలో నింపవలెను, స్లాటు ఎట్లు తీసికొనవలెను - ఇవన్నియు ఆయనకు కరతలామలకములు. లేఖరిచేతనే వ్రాయించవలెనని చట్టములో లేదు. రిజిస్ట్రేషను శాఖవారే నమూనా దస్తావేజులను అందుబాటులో ఉంచినారు. ఐనను అనుభవజ్ఞుడైన లేఖరి చేయి పడుట మేలే. కాని ఒక్కటి గుర్తుంచుకొనవలెను: లేఖరి మనము చెప్పినది వ్రాయును. చెప్పినది నిజమా కాదా అని విచారించు బాధ్యత ఆయనది కాదు.

ఆ విచారణ వకీలు పని. ఆయన ఏమేమి చూడవలెనో మనకును కొంత తెలిసియుండుట మంచిది. అమ్మువానికి ఆస్తి ఎట్లు వచ్చినది, అతనికి అమ్మినవానికి ఎట్లు వచ్చినది అని వెనుకకు పోవు లింకు దస్తావేజులు మొదటివి. ఈసీ అని అందరు పిలుచు భారముల ధ్రువపత్రము రెండవది. 1983 జనవరి నుండి జరిగిన లావాదేవీలకు ఇది కంప్యూటరులో దొరకును. అంతకు పూర్వపు వానికి కార్యాలయములోని పుస్తకములు వెదకించవలెను. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనబడును. సాదా బైనామా గాని, నోటిమాటగా జరిగిన పంపకము గాని, రిజిస్టరు కాని బయానా కాగితము గాని అందు కనబడవు. అసలు దస్తావేజు ఎచటనో తాకట్టులో నుండి అమ్మువాడు నకలు మాత్రమే చూపుచున్నచో, ఈసీ శుభ్రముగా నున్నంత మాత్రమున నమ్మరాదు.

మూడవది కుటుంబ విచారణ. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టము, 1985 సెప్టెంబరు 5 నాటికి వివాహము కాని హిందూ కుమార్తెలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు నిచ్చినది. 2005 నాటి కేంద్ర సవరణ వివాహితలకు సైతము ఆ హక్కును విస్తరింపజేసినది. కావున తండ్రినాటి ఇంటిని అన్నదమ్ములు మాత్రమే సంతకములు పెట్టి అమ్ముచున్నచో, "అక్కచెల్లెండ్రు ఎందరు? వారి సంతకములేవి?" అని అడుగని వకీలు పని సగమే చేసినాడనవలెను.

నాలుగవది నేల స్వభావము. ఇది ఊరినిబట్టి మారును. హైదరాబాదు - వరంగల్లు రహదారి మీద నున్న జనగామ చుట్టుప్రక్కల ప్లాటు కొనువారు, ఆ నేల వ్యవసాయ భూమినుండి వ్యవసాయేతరముగా మార్చబడినదా, లేఅవుటునకు అనుమతి కలదా అని చూడవలెను. భూపాలపల్లి బొగ్గు పట్టణము. అచట ఇల్లు నిలిచిన నేల ప్రయివేటు పట్టాయా, ప్రభుత్వముదా, సింగరేణి సంస్థదా అనునది తొలి ప్రశ్న. మానుకోట అని మనము పిలుచుకొను మహబూబాబాదు జిల్లాలో కొత్తగూడ, గంగారము వంటి మండలములు షెడ్యూల్డు ప్రాంతములు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ప్రాంతమునకు వర్తించినది. 1970లో సవరింపబడి 'వన్ సెవెంటీ' అను పేర ప్రసిద్ధమైనది. దాని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతమున స్థిరాస్తిని గిరిజనేతరునకు బదలాయించుట చెల్లదు. అమ్మువాడు గిరిజనేతరుడైనను సరే చెల్లదు. అట్లే ప్రభుత్వము పేదలకు అసైను చేసిన భూమిని కొనుట 1977 నాటి చట్టము ననుసరించి నిషిద్ధము. ఇట్టి నేలపై ఎంత అందమైన దస్తావేజు వ్రాయించినను అది నీటిపై వ్రాతయే.

ఇన్ని సంగతులు చూడగల మనిషిని ఎట్లు గుర్తించవలెను? మేము ఐదు పరీక్షలు సూచింతుము.

మొదటిది: ఆయన ఎవరి మనిషి? మధ్యవర్తి పిలిచికొనివచ్చినవాడు బేరము ముగియవలెనని కోరును. అది ఆయనకు సహజము. మనకు కావలసినది, అవసరమైనచో "ఈ బేరము వద్దు" అని చెప్పగలవాడు. బ్యాంకు అప్పు తీసికొనువారు, "బ్యాంకు వకీలు చూచినాడు గదా" అని ఊరకుందురు. ఆయన చూచునది బ్యాంకు సొమ్ము భద్రమా అని. మన నిశ్చింత ఆయన పని కాదు.

రెండవది: ఆయన మొదట అడిగినది కాగితములా, ఫీజా? కాగితములు చూడకయే "అంతయు సరిగానే ఉన్నది" అనువాని మాట ఎంత తియ్యగా నున్నను వినరాదు.

మూడవది: అభిప్రాయమును వ్రాసి ఇచ్చునా? చూచిన పత్రములన్నిటి పట్టికతో, తేదీతో, సంతకముతో ఇచ్చునది అభిప్రాయము. నోటిమాట అభిప్రాయము కాదు. 1961 నాటి న్యాయవాదుల చట్టము క్రింద బార్ కౌన్సిలులో నమోదైన వకీలే న్యాయవాద వృత్తి చేయవలెను. ఆయన నమోదు సంఖ్య అడుగుట అవమానము కాదు. మంచి వకీలు దానికి నొచ్చుకొనడు.

నాలుగవది: ఖర్చులను విడివిడిగా చెప్పునా? 2021 జూలై 22 నుండి అమలులోనికి వచ్చిన రేట్ల ప్రకారము విక్రయ దస్తావేజునకు స్టాంపు సుంకము, బదలాయింపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి నూటికి ఏడున్నర రూపాయలు. అది ప్రభుత్వమునకు పోవునది. దానికి రసీదు వచ్చును. వకీలు ఫీజు, లేఖరి కూలి వేరు. "అన్నియు కలిపి ఇంత" అని ముద్దగా చెప్పువానిని విడదీసి వ్రాసి ఇమ్మని కోరవలెను.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: చిత్తుప్రతిని ముందుగా ఇచ్చి, తెలుగులో చదివి వినిపించునా? రిజిస్ట్రేషను నాడు కార్యాలయము వాకిట, పదిమంది తొందరలో, చదువకయే సంతకము చేయుట మనవారికి అలవాటు. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పినదనుకొందము. తూర్పు హద్దు పడమర పడినదనుకొందము. పదేండ్ల తరువాత ఆ ఇల్లు కుదువబెట్టబోయిననాడు గాని అది బయటపడదు. సవరణ దస్తావేజునకు అమ్మినవాడు మరల వచ్చి సంతకము చేయవలెను. అతడు గతించియున్నచో అతని వారసులందరి చుట్టును తిరుగవలెను. రెండు దినములు ముందుగా చిత్తుప్రతిని ఇంటికి తెచ్చుకొని, భార్యాభర్తలు కూర్చుండి హద్దులు సరిచూచుకొన్నచో ఈ తిప్పలు లేవు.

కొనువానికే జాగ్రత్త కావలెనని అమ్మువారు తలపరాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము, కొనువాడు మామూలుగా చూచి తెలిసికొనలేని ముఖ్యమైన లోపములను అమ్మువాడు తెలిసియు దాచరాదు. అడిగిన పత్రములను చూపవలెను. దస్తావేజులో "ఏ చిక్కు వచ్చినను నేనే పూచీ" అని వ్రాయు పంక్తికి అర్థమేమో సంతకమునకు ముందే అమ్మువాడును తెలిసికొనవలెను. మొత్తము సొమ్ము చేరకముందే అంతయు ముట్టినట్లు వ్రాసిన కాగితముపై సంతకము చేయరాదు. విక్రయమునకు బదులు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి చేతులు దులుపుకొనుట ఉభయులకును ప్రమాదము. అట్టి పత్రము వలన హక్కు బదలాయింపబడదని 2011లో సూరజ్ ల్యాంపు కేసులో సుప్రీంకోర్టు చెప్పినది.

"వకీలునకు ఇచ్చుకొను స్తోమతు మాకు లేదు" అని కొందరనవచ్చును. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సలహా పొందు హక్కు కలదు; అల్పాదాయము గల ఇతరులకును కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు చాలును. ఇంటిని స్త్రీ పేర కొను కుటుంబములు దీనిని తప్పక గమనింపవలెను.

చివరి మాట క్రమమును గూర్చి. మనవారు ముందు బయానా ఇత్తురు, పిదప మధ్యవర్తి చూపిన లేఖరియొద్దకు పోదురు, చిక్కు వచ్చిన తరువాత వకీలును వెదకుదురు. బయానా చేయి దాటిన పిదప వకీలు చెప్పగలిగినది తక్కువ. దాటకముందు చెప్పగలిగినది ఎక్కువ. ఈ క్రమమును తలక్రిందులు చేయుడు. ముందు కాగితములు, వాని వెనుక వకీలు, ఆ పిమ్మట బయానా, అటు తరువాత లేఖరి, అన్నిటికిని కడపట రిజిస్ట్రారు. ఇల్లు నచ్చినదని చెప్పుటకు ఒక్క సాయంకాలము చాలును. అది మనదగునో కాదో తేల్చుకొనుటకు మరి నాలుగు దినములు ఓర్చుకొనుట కష్టము కాదు.